నిల్ కానిదంతా నిజమే

ఆగస్టు 1, 2002. ఉదయం, టీ తాగక ముందు

ఈ రోజు నుంచి నియమం. ఎవరేమి అడిగినా జవాబు రెండిట్లో ఒకటి. అవును. కాదు. మూడో మాట లేదు!

కారణం కూడా రాసి పెట్టుకోవాలి. లేకపోతే రేపటికి నేనే మర్చిపోతాను.

నిన్న టెక్కలి నుంచి ఒకాయన ఇంటి ప్లాను పట్టుకుని వచ్చాడు. "మెట్లు ఇటేపు రావొచ్చా?" అని అడిగాడు. రావచ్చు. అంతే చెప్పాలి. నేను మెట్ల దగ్గర ఎత్తుకుని, మెట్లు కట్టడం మర్చిపోయిన మా మేనమామ మేడ మీదుగా, ఆయన పెళ్ళికని బయల్దేరి హరిశ్చంద్రపురం స్టేషన్లో దిగకుండా రైల్లో నిద్రపోయిన సన్నాయి మేళం దాకా వెళ్ళాను. ఆ మేళం బరంపురంలో కళ్ళు తెరిచేసరికి టెక్కలి ఆయన కుర్చీలో లేడు. బస్సుకి వేళయిందని చెప్పే వెళ్ళాడట. నాకు వినపడలేదు. నేను మాట్లాడుతున్నాను కదా.

సాయంత్రం కోడలు నీలవేణి తీర్పు చెప్పింది. కాశీబుగ్గలో మా ఇంటి ముందు గదే మా దుకాణం. ఒకప్పుడు ప్లాన్లు చేత్తో గీసేవాణ్ణి. ఇప్పుడు ఆమె కంప్యూటర్లో గీస్తుంది. నా పని ముందు కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకు వాస్తు బాగుందో లేదో చెప్పడం.

"మావయ్యా, ఈ నెలాకరు దాకా సూత్తాను. అడిగిందానికి ఒక్క మాట సెప్పడం రాకపోతే ముందు కుర్సీ నాను తీసుకుంటాను. మీరు ఎనక గదిలో ప్రింట్లు తియ్యండి."

వెనక గదిలో ఉన్నది అమ్మోనియా ప్రింటు మిషను. ఆ గదిలోకి ఈగ కూడా రాదు. మనిషన్నవాడు అసలు రాడు. అమ్మోనియాకి కథలు చెప్పుకుంటూ బతకాలా?

ఈ నియమానికి గురువు లిస్పు. నీలవేణి ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ లోపల ఉండే ఒక భాష. నీలవేణికి శిక్షణలో దాని పుస్తకం ఇచ్చారు. ఆమె అటక మీద పడేసింది, నేను దింపాను. బడి నన్ను ఎనిమిదో తరగతిలో వదిలేసింది కానీ పుస్తకాలు వదల్లేదు. లిస్పులో ప్రశ్నలడిగే ఫంక్షన్లుంటాయి (భోజనాల ఫంక్షను కాదు, పని చేసిపెట్టేది). మనం 'ఉంది' అన్నదానికి దీర్ఘం తీసి 'ఉందా' అన్నట్టు, వాళ్ళు పేరు చివర 'పి' తగిలిస్తారు. జీరోపి అంటే "సున్నాయేనా?" అని. అవునంటే టి. కాదంటే నిల్. ఎంత మర్యాదైన మనిషో చూడండి! టి అనేసి ఊరుకుంటుంది. తన మేనమామ ఊసెత్తదు.

ఇక ఆపాలి. నియమం డైరీకి కూడా వర్తిస్తుంది.

ఆగస్టు 2

అద్భుతం!

వచ్చినవాళ్ళు అయిదుగురు. అవును మూడు, కాదు రెండు. పన్నెండు కాకముందే అందరూ పని ముగించుకుని వెళ్ళిపోయారు. నీలవేణి నా వంక రెండుసార్లు చూసింది. జ్వరమేమో అనుకున్నట్టుంది.

చిన్న లోపం: మొదటి ఆయనకు లిస్పు పద్ధతిలో "టి" అన్నాను. ఎదురు టీ బడ్డీలో ఎల్లాజీ విని రెండు గ్లాసులు పంపించాడు. ఇకనుంచి 'అవును' అనే అనాలి.

ఆగస్టు 4. మధ్యాహ్నం, భోజనం లేకుండా

మా ఆవిడ కాంతం వంటింట్లోంచి అడిగింది: "డబ్బాలో బియ్యం ఉన్నాయేటి, సూడండి."

చూశాను. "లేవు" అన్నాను. నియమం ప్రకారం పరమ శుద్ధమైన జవాబు.

గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఏటన్నారు? బియ్యం నేవంతారా? ఇంటి యజమాని నోటంట ఆ మాటొత్తాదా? నిండుకున్నాయి అనాల! ఇన్నేళ్ళొచ్చి ఏటి నాభం!"

ఇదొక చిక్కు. మన ఇళ్ళల్లో నిల్ అనే మాటే నిషిద్ధం. బియ్యం అయిపోతే నిండుకున్నాయి. దీపం ఆరిపోతే కొండెక్కింది. ఇంటికి పోయేవాడు 'వస్తాను' అంటాడు. సంబంధం నచ్చకపోతే 'కబురు పెడతాం' అంటారు, ఆ కబురు మనవలు పుట్టినా రాదు. శుభకార్యం దగ్గరైతే మరీను. పీటల మీద కూర్చున్నవాడి ముందు 'వద్దు, కాదు, లేదు' అంటే ఆ జన్మకి మళ్ళీ పిలుపుండదు. లిస్పు కనిపెట్టిన దొర మా ఉద్దానంలో పుట్టి ఉంటే నిల్ పెట్టేవాడే కాదు.

నియమంలో సవరణ: కాంతంతో మాట్లాడేటప్పుడు వర్తించదు. ఒక్క సవరణే. ఇదే చివరిది.

ఆగస్టు 7. రాత్రి భోజనం తర్వాత

రాశాను! నేనే! వైకుంఠరావు అనే నేను!

ఫంక్షను పేరు వాస్తుపి. 'వాస్తు బాగుందా?' అని అర్థం. గదుల కొలతలు, దిక్కులు ఇస్తే అది లోపల చూసుకుంటుంది. వంటిల్లు ఆగ్నేయాన ఉందా, ఈశాన్యం తేలిగ్గా ఉందా, నైరుతి బరువుగా ఉందా. బాగుంటే టి. లేకపోతే నిల్. దాని పైన ఒక చిన్న కమాండు కట్టాను. అది వాస్తుపిని అడుగుతుంది. జవాబు నిజమైతే తెర మీద "వాస్తు ఓకే" అని వేస్తుంది, నిల్ అయితే "నాట్ ఓకే" అని.

ఇంక నేను నోరు విప్పనక్కర్లేదు. మీట నొక్కడం, తెర వైపు వేలు చూపడం. అంతే.

నీలవేణి రెండు పాత ప్లాన్లు పెట్టి చూసింది. మంచిది ఓకే అంది, చెడ్డది నాట్ ఓకే అంది. "మావయ్యా, మీకు బుర్ర ఉంది" అన్నది. 'కూడా' అనబోయి మానేసిందనుకుంటాను.

ఆగస్టు 11

ఈ రోజు పుస్తకంలో నా తోబుట్టువు దొరికింది. పేరు మెంబర్.

మెంబర్‌ని ఒక జాబితా ఇచ్చి అడుగుతాం: "ఇందులో కొబ్బరి ఉందా?" లేకపోతే నిల్ అంటుంది, సరే. ఉంటే? టి అనదు! "ఉంది బాబూ, ఇదిగో కొబ్బరి, దాని తర్వాత జీడి, ఆ తర్వాత పనస, ఆ తర్వాత మునగ" అని దొరికిన చోటు నుంచి చివరిదాకా మొత్తం అప్పజెబుతుంది. అచ్చం నేనే!

దీన్ని తప్పు అనడం లేదు దొరలు. లిస్పులో నిల్ ఒక్కటే అబద్ధం. నిల్ కానిదంతా నిజమే. సున్నా కూడా నిజమే. కాబట్టి అవునని చెప్పేటప్పుడు ఉత్త టి పడేసి ఊరుకునే బదులు, అడిగినవాడికి పనికొచ్చే సంగతేదైనా చేతిలో పెట్టడం మంచి అలవాటట. శాస్త్రంలోనే ఉంది!

అంటే ఇన్నాళ్ళూ నేను చేసింది వాగుడు కాదు. ఉత్త టి కన్నా విలువైన జవాబు.

వాస్తుపిని వెంటనే మార్చాను. ఉత్త టి, నిల్ ఏమిటి, దరిద్రంగా. ఇకనుంచి ఇంట్లో ఏమేం దోషాలున్నాయో అన్నీ ఏరి జాబితాగా ఇస్తుంది. ఒక చెడ్డ ఇల్లు పెట్టి చూశాను. ఎంత ముచ్చటైన జాబితా! మూడు దోషాలు, దిక్కులతో సహా. చదువుకుని మురిసిపోయాను.

పైనున్న కమాండును ముట్టుకోలేదు. అది బాగానే ఉంది కదా.

ఆగస్టు 13

నియమం నడుస్తోంది. కొంచెం విశాలంగా.

ఉదయం నౌపడ నుంచి ఉప్పు వ్యాపారి ఒకడు వచ్చి "గుమ్మం తూరుపుకేనా?" అన్నాడు. "అవును" అన్నాను. నిల్ కానిదంతా నిజమే కాబట్టి, ఆ అవునుకి తోకగా తూర్పు గుమ్మాల చరిత్ర కొంత, మా తాత గుమ్మానికి తగిలించిన సొరచేప పళ్ళు కొంత ఇచ్చాను. సొరచేప దగ్గర నీలవేణి వచ్చింది.

"మావయ్యా!"

"ఇది కూడా అవుననే అర్థమమ్మా. పుస్తకంలో మెంబర్ అని..."

"మెంబరూ నేదు, ప్రెసిడెంటూ నేదు. ఆయనకి బస్సుంది."

వెనక గదిలోంచి అమ్మోనియా వాసన వచ్చింది. తలుపు తనే తెరిచి పెట్టిందని నా అనుమానం.

రేపటి నుంచి పాత పద్ధతి. ఒక్క మాట. ఒట్టు.

ఆగస్టు 14

జలంత్రకోట నుంచి తల్లీ కొడుకూ వచ్చారు. జగదాంబ గారు, కొడుకు ఉమామహేష్. కొబ్బరి, జీడి తోటలున్నవాళ్ళు. తోట అంచున ఇల్లు కట్టుకుంటున్నారు. ప్లాన్లు రెండు. నీలవేణి రెండూ వాళ్ళు చెప్పినట్టే గీసింది.

తల్లి ప్లాను: వంటిల్లు ఆగ్నేయం. ఈశాన్యంలో వాళ్ళ నుయ్యి ఉంది, ఆ మూల ఖాళీ. కొడుకు ప్లాను: ఈశాన్యం మూల బాత్రూము, దాని వెనకే సెప్టిక్ ట్యాంకు. వీధిలోంచి వచ్చినవాళ్ళు నేరుగా కాళ్ళు కడుక్కోవచ్చని.

వారం నుంచి ఇంట్లో ఇదే గొడవట. చివరికి ఒప్పందానికొచ్చారు. జగదాంబ గారు అన్నారు: "మిసనుకి నా కొడుకెవుడో, నానెవుర్తినో తెల్దు. అదేటి సెప్తే అదే. మరి మాటాడను."

నియమం గుర్తు పెట్టుకున్నాను. మీట నొక్కాను. తల్లి ప్లాను: నాట్ ఓకే. కొడుకు ప్లాను: ఓకే.

 నూతి పక్కన సెప్టిక్ గొయ్యి వద్దనడానికి శాస్త్రాలు కూడా అక్కర్లేదు. "అమ్మా, ఆ నుయ్యి..." అని నోటిదాకా వచ్చింది. నీలవేణి నా వంకే చూస్తోంది. మింగేశాను.

"ఇదే బాగుందేటి బాబూ?" అని అడిగారావిడ, తెర మీదున్నది చదవలేక.

"అవును" అన్నాను. ఒక్క మాట.

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచారు. మరి మాటాడను అన్నారు కదా, మాట్లాడలేదు. ఇరవయ్యొకటిన శంకుస్థాపన. నన్నూ పిలిచారు.

వాళ్ళు వెళ్ళాక నీలవేణి అన్నది: "సూసినారా మావయ్యా, ఎంత సుకంగా ఉందో!"

నాకు సుఖంగా లేదు. బహుశా ఎల్లాజీ టీ.

ఆగస్టు 17

ఈ వారం వచ్చిన మంచి మంచి ఇళ్ళన్నీ నాట్ ఓకే. కలికాలం. నేనేమీ అనలేదు. అనడం మానేశాక మనిషికి ఆకలి కూడా తగ్గుతుందని తెలిసింది.

కాంతం నా నాలుక చూపించమంది. చూపించాను.

ఆగస్టు 20. దీపాలు పెట్టే వేళ

సరదాకి మా ఇంటి ప్లానే పెట్టి చూశాను. ఈ ఇల్లు నేను కుర్రతనంలో ఎవరి మాటా వినకుండా కట్టింది. మెట్లు ఈశాన్యంలో, వంటిల్లు నైరుతిలో. గుమ్మం తొక్కిన ప్రతి సిద్ధాంతీ నెత్తి కొట్టుకునే పోయాడు.

వాస్తు ఓకే!

పరుగున వెళ్ళి కాంతాన్ని పిలుచుకొచ్చాను. "చూడు! ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్నావు కదా, మన ఇంటికి వాస్తు బాగుందట!"

కాంతం తెర వైపు చూసింది, మెట్ల వైపు చూసింది, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "ఈ ఇల్లు బాగుందన్న మిసను, ఇంక దేన్ని బాగోనేదంతాదండీ?"

ఏదో అనబోయాను. కరెంటు పోయింది.

ఆగస్టు 21. తెల్లవారుతూ

కరెంటు వచ్చింది. నాకు బుద్ధి కూడా వచ్చింది, ఆలస్యంగా.

పదకొండో తారీకున వాస్తుపిని మార్చాను కదా. అప్పటిదాకా ఇల్లు బాగుంటే టి అనేది. మార్చాక దోషాల జాబితా ఇస్తోంది. మంచి ఇంటికి దోషాలుండవు, జాబితా ఖాళీ. లిస్పులో ఖాళీ జాబితా అన్నా నిల్ అన్నా ఒకటే! పైనున్న కమాండు ఆ నిల్ చూసి "నాట్ ఓకే" అంటోంది. చెడ్డ ఇంటికి దోషాలు దండిగా ఉంటాయి, జాబితా నిండుగా వస్తుంది. నిల్ కానిదంతా నిజమే. కాబట్టి "ఓకే"!

అడిగింది 'బాగుందా' అని. చెబుతున్నది 'ఏమేం బాగోలేదో'. పేరొకటి, జవాబొకటి. ఇంట్లో ఎంత చెడుంటే అంత ఓకే. మా ఇల్లయితే మహా ఓకే.

జలంత్రకోట!

ఫోను చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అందరూ స్థలం దగ్గరే ఉంటారు. ముహూర్తం తొమ్మిది లోపు. నీలవేణిని లేపాను. ఒక్క మాటలో చెప్పాను: "తప్పు." ఆమె నా మొహం చూసింది. రెండో మాట అడక్కుండా మోపెడ్ తీసింది.

ఆగస్టు 21. సాయంత్రం. నడుం పట్టేసి ఉంది

వానకు రోడ్డంతా గోతులు. హరిపురం దాటేదాకా కోడలు మోపెడ్ నడపడం, మావగారు వెనక చీర కొంగు తడవకుండా పట్టుకోవడం. చూసిన ప్రతివాడూ ఆగి చూశాడు. నీలవేణి వెనక్కి తిరక్కుండా చెప్పింది: "ఎల్లగానే ఒక్క మాట. ఆపండి. అంతే. కతలొద్దు."

"అవును" అన్నాను.

చేరేసరికి పందిట్లో అందరూ ఉన్నారు. గొయ్యి తవ్వి, నవధాన్యాలు పోసి, ఇటుకలకు పసుపు రాసి ఉంచారు. గొయ్యి ఎక్కడ? నూతికి పది అడుగుల దూరంలో, బాత్రూము రావలసిన మూలలో. ఉమామహేష్ పీట మీద ఉన్నాడు. జగదాంబ గారు పళ్ళెం పట్టుకుని మౌనంగా నిలబడ్డారు.

నీలవేణి మోపెడ్ దిగుతూనే "ఆపం..." అన్నది. పక్కనే ఉన్న ఉమామహేష్ మేనత్త కాసులమ్మ కుంకుమ చేత్తోనే ఆమె నోరు మూసేసింది. "ఓలమ్మో! సుబమా అని సంకు తాపన కాడ ఏటా మాట! అక్సింతలు తీసుకో ముందు."

నీలవేణి నోరు ఎర్రగా అయింది. ఇంక తెరుచుకోలేదు.

ఉమామహేష్ నన్ను చూసి నవ్వాడు. "రండి రండి వైకుంఠరావు గారూ! మీరు సెప్పిన ప్లానే. అంతా బాగున్నట్టేనాండీ?"

నా జీవితంలో ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అవునంటే అబద్ధం. కాదంటే పందిట్లో అశుభం. మేనత్త కుంకుమ చెయ్యి సిద్ధంగా ఉంది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. చుట్టం ఒకాయన ఇటుక ఎత్తి అందిస్తున్నాడు.  నియమం ఒకటి నెత్తి మీద కూర్చుని ఉంది.

అప్పుడు చెవి దగ్గర, చాలా మెల్లగా: "మావయ్యా... మాటాడండి."

తిరిగి చూశాను. కుంకుమ మూతితో నా కోడలు.

"మాటాడండి మావయ్యా. ఆపొద్దు!"

గేటు ఎత్తితే కాలవ ఎలా వస్తుందో అలా వచ్చింది. "బాగుందా అంటే, బాబూ, ఆ ఇటుక చూస్తే ఒకటి గుర్తొచ్చింది" అన్నాను. "మా మేనమామకి నౌపడ ఉప్పు కొఠార్లకు ఇటుకలు తోలే బండి ఉండేది..." ఇటుక పట్టుకున్న ఆయన ఇటుక దింపాడు. బండి నుంచి ఎద్దు, ఎద్దు నుంచి ఎద్దు తిన్న పెళ్ళి శుభలేఖలు, అందులోంచి మేనమామ రెండో పెళ్ళి, ఆ పెళ్ళికి పిలిచిన సన్నాయి మేళం. "రాత్రి బండెక్కారు. హరిశ్చంద్రపురంలో దిగాలి. డోలు ఆయన సన్నాయి ఆయనతో అన్నాడు, నేను మేలుకుని ఉంటాను, నువ్వు పడుకో అని. సన్నాయి ఆయనా అదే మాట అన్నాడు."

పందిట్లో నవ్వు. మేనత్త కూర్చుంది. పురోహితుడు గడియారం మీద చెయ్యి పెట్టుకుని నా వంక చూస్తూ ఉండిపోయాడు.

"కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒరియాలో బోర్డు. బరంపురం! చేతిలో దమ్మిడీ లేదు. పెళ్ళి ఇక్కడ, మేళం అక్కడ. స్టేషను బయట నిలబడ్డారు. ఎదురుగా ఒక పెళ్ళిపందిరి. పందిరి నిండా జనం. జనమంతా ఏదో వెతుక్కుంటున్నారు..."

"ఏటి ఎతుకుతన్నారు?" అన్నాడు పురోహితుడు. అడిగాక మణికట్టు చూసుకున్నాడు. "అయ్యో! అయ్యయ్యో! ముహూర్తం!"

దాటిపోయింది.

దాటిపోయాక అశుభం ఏముంది? ఊపిరి పీల్చుకుని చెప్పాను: "బాబూ, ఈ ప్లాను బాగోలేదు."

ఉమామహేష్ పీట మీంచి లేచాడు. "ఏటండీ ఇది! మిసను బాగుందన్నాది కదేటి? ఈ ముక్క ముందే అనొచ్చు కదేటి? సుట్టాలందరి కాడా పరువు తీసీసినారు!"

"మిషను సరిగ్గానే దోషాలు పట్టింది. దాని మాట తిరగబడి వినపడేలా నేను కట్టాను. నూతి పక్కన గొయ్యి తవ్వకు నాయనా. మీ అమ్మగారిదే మంచి ప్లాను."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. జగదాంబ గారు మాత్రం పళ్ళెం కింద పెట్టి నూతి దగ్గరికి నడిచారు. లోపలికి తొంగి చూశారు. తర్వాత కొడుకుతో, కోపం లేకుండానే: "ఈ నీల్లేరా నీ పిల్లలు తాగేది. నాను మాటాడనన్నాను గాని, నుయ్యి కూడా మాటాడదేటి?"

 ఉమామహేష్ పార తీసుకుని ఆ గొయ్యి తనే పూడ్చాడు. నావైపు మాత్రం చూడలేదు.

 తిరుగు దారిలో నీలవేణి హరిపురంలో ఆగి కుంకుమ కడుక్కుంది. అప్పుడు అడిగింది: "మావయ్యా, ఈ నెలాకరుకి ఎంకా పది రోజులుంది కదేటి?"

"అవును" అన్నాను. 

ఆగస్టు 22

ఫంక్షను పేరు మార్చాను. వాస్తుపి కాదు, దోషపి. 'దోషాలున్నాయా?' అని. ఉంటే జాబితా, అంటే అవును. లేకపోతే ఖాళీ, అంటే కాదు. పైనున్న కమాండునూ దానికి తగ్గట్టు మార్చాను. ఇప్పుడు ప్రశ్నా జవాబూ ఒకే వైపు చూస్తున్నాయి. ఒక్క మాట చెప్పినా, వంద చెప్పినా తప్పులేదు. ఏ ప్రశ్నకు చెబుతున్నామో అది సరిగ్గా ఉండాలి. ఇంత చిన్న ముక్క తెలియడానికి ఒక కుటుంబం ముహూర్తం తప్పించాల్సి వచ్చింది.

నాట్ ఓకే అని పంపేసిన మంచి ఇళ్ళవాళ్ళందరికీ కబురు పెడుతున్నాం. ఇది నిజం కబురే. వాళ్ళలో ఒకాయన అప్పుడే వంటిల్లు పడగొట్టాడట. ఆయన దగ్గరికి రేపు నేనే వెళ్ళాలి. వివరంగా చెప్పాలి కదా.

ఆగస్టు 26

నియమం సంగతి నీలవేణి ఎత్తలేదు. నేను ఎత్తలేదు. వెనక గది తలుపు తెరిచే ఉంది. అమ్మోనియా ఆగకుండా వస్తోంది.

ఆగస్టు 31. నెలాఖరు

ఉదయం నుంచి ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. చివరి రోజైనా గౌరవంగా గడపాలని. అవును నాలుగు. కాదు ఒకటి. నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాను.

మధ్యాహ్నం జగదాంబ గారు ఒక్కరే వచ్చారు. సంచీ నిండా జీడిపప్పు. కొత్త ముహూర్తం పెట్టుకున్నారు, తన ప్లానుకే. మీట నొక్కాను. దోషాల జాబితా ఖాళీ.

"బాగుందేటి బాబూ?"

"బాగుంది" అన్నాను. ఒక్క మాట.

ఆవిడ కదల్లేదు. నా మొహంలోకి అనుమానంగా చూశారు. "ఏటి, ఒక్క ముక్కేనా? ఆ రోజూ ఇలాగే ఒక్క ముక్కన్నావు. ఏదో దాత్తన్నావు."

"లేదమ్మా. నిజంగా బాగుంది."

"అయితే సెప్పు. ఎలాగ బాగుందో సెప్పు. నువ్వు సెప్పందే నాను పునాది ఎయ్యను."

నీలవేణి వైపు చూశాను. ఆమె తెర వైపు చూస్తోంది.

నూతి దగ్గర మొదలుపెట్టాను. ఆగ్నేయం గాలి, వంటింటి పొగ, పెరట్లో మునగ నీడ, అన్నీ చెప్పాను. ఆవిడ తల ఊపుతూ మొత్తం విన్నారు. అప్పటికీ లేవలేదు.

"ఇంకేమైనా కావాలామ్మా?"

"ప్లాను సంగతి అయిపోనాది గాని," అన్నారు సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఆ సన్నాయోలు ఏటయ్యారు? పంతులు గారు రోజూ కబురెడతన్నాడు. మా కాసులమ్మకి నిద్దర్నేదు."

నేను నీలవేణి వైపు చూశాను. ఆమె లేచింది. నడిచి వెళ్ళి వెనక గది తలుపు మూసేసింది. కంప్యూటరు ఆపేసింది. స్టూలు లాక్కుని జగదాంబ గారి పక్కన కూర్చుంది.

"నాకూ తెల్దు మావయ్యా. ఎన్నిసార్లు సెప్పినా నాను మజ్జలోనే ఆపించీసినాను."

కాబట్టి చెప్పాను. బరంపురం పందిట్లో జనం వెతుకుతున్నది తమ మేళం కోసమే. వాళ్ళ ఒరియా మేళం అదే రాత్రి ఎదురు బండిలో నిద్రపోయి, దిగాల్సిన చోట దిగక, హరిశ్చంద్రపురంలో తేలింది. స్టేషన్లో మేళం కోసం ఎదురుచూస్తున్న మా వాళ్ళు వాళ్ళనే బండెక్కించుకుని తీసుకుపోయారు. మా మేనమామ మెళ్ళో తాళి కట్టించే వేళకి, సారీ, మా అత్త మెళ్ళో కట్టే వేళకి వాయించింది వాళ్ళు. బరంపురంలో వాయించింది మా మేళం. రెండు పెళ్ళిళ్ళలోనూ ఎవరికీ తేడా తెలియలేదు, అప్పగింతల పాట వచ్చేదాకా. ఆ పాట బాణీ తెలియక, ఏడవాల్సిన చోట ఎవరూ ఏడవలేదు. మా అత్త నవ్వుతూ కాపురానికి వచ్చింది. బతికినన్నాళ్ళూ నవ్వుతూనే ఉంది.

జగదాంబ గారు కళ్ళు తుడుచుకున్నారు. జీడిపప్పు సంచీ నా బల్ల మీద పెట్టారు. వెళ్తూ "వత్తాను" అన్నారు. నిజంగానే వస్తారనుకుంటాను.

ఆవిడ వెళ్ళాక అడిగాను: "అమ్మాయ్, మరి కుర్చీ సంగతి?"

"ఏ కుర్సీ?" అన్నది నీలవేణి, జీడిపప్పు నములుతూ.

తీర్మానం: రేపు సెప్టెంబరు ఒకటి. రేపటి నుంచి నియమం మళ్ళీ మొదలు. ఈసారి గట్టిగా. అడిగినదానికి ఒక్క మాట. అవును, లేదా కాదు. అంతే.

అయితే, ఈ 'అంతే' అన్న మాట దగ్గర మా తాత ఒకటి చెప్పేవాడు. అదేమిటంటే